చీకటి దొరకని కుండీలు

నాకు కోపం వస్తే ముందు చెవులు వేడెక్కుతాయి. డిసెంబరు ఇరవై రెండు, శుక్రవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఎస్సై శ్రవణ్‌కుమార్ నా ముందుకు టీ గ్లాసు జరిపి, "మేడం, మీరు పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు చేస్తరట గదా. పిలగాడు తాగుతడా, పిల్ల ఎవరితోనన్న తిరిగిందా, గవి చూసుకోక మర్డర్ కేసుల వేలు పెడుతున్నరెందుకు?" అనేసరికి అవి కాలిపోతున్నాయి.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నిజామాబాదులో స్టీలు సామాన్ల దుకాణం మీది గది నా ఆఫీసు. 'వినోద, ప్రైవేట్ డిటెక్టివ్' అన్న బోర్డు చూసి మెట్లెక్కేవాళ్లలో పదికి తొమ్మిది మంది పెళ్లి సంబంధాల వాళ్లే. పదో మనిషి చిన్నక్క. ఆర్మూరు నుంచి మాక్లూరు పోయే దారిలో ఆమెకు పూలకుండీల నర్సరీ ఉంది. తన దగ్గర ఏడేళ్లుగా పనిచేస్తున్న జయరాజ్ మనిషిని చంపాడంటే ఆమె నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం అడిగితే, "మొక్క చచ్చిపోతే ఆ పూట అన్నం తినడు వాడు," అంది. కోర్టులో అది చెల్లదు. అందుకే నా దగ్గరికి వచ్చింది.

"కేసేంటో మీ నోటితో చెప్పండి సార్," అన్నాను.

"చెప్పనీకె ఏముంది? నవంబరు ఇరవై ఏడు పొద్దున ఆరున్నరకు నర్సరీ నీళ్లతొట్టిల స్వామి శవం దొరికింది. రాజన్న సేఠ్ పసుపు గిర్నిల పాలిష్ డ్రమ్ము తిప్పేటోడు. తల ఎనక దెబ్బ. ఊపిరితిత్తులల్ల నీళ్లు. రాత్రి పన్నెండు, మూడు నడుమ పోయిండని డాక్టరు రాసిచ్చిండు. తొట్టి నింపేది జయరాజ్. గేటు తాళంచెవి జయరాజ్ దగ్గర. వారం ముందుగాల స్వామి కాలర్ పట్టుకొని లొల్లి పెట్టుకున్నది జయరాజ్. పొద్దుమూకకముందే లోపలేసిన."

"లొల్లి దేని గురించి?"

"చెప్తలేడు."

"స్వామి అర్ధరాత్రి నర్సరీకి ఎందుకొచ్చిండు?"

"జయరాజ్ పిలిచి ఉంటడు."

"పిలవంగ ఎవరన్న చూసిండ్రా?"

"ఉంటడు అన్న గదా మేడం."

"స్వామి పనిచేసిన గిర్ని నర్సరీకి ఆనుకునే ఉంది. తెరిపించి చూసిండ్రా?"

"దసరా నుంచి బంద్ ఉన్న గిర్నిల ఏం చూడాలె? కరెంటోళ్లు ఫ్యూజులు పీకి మీటరుకు సీలేసిండ్రు. దసరా తర్వాత స్వామి అందుల అడుగు పెట్టలేదని సేఠ్ రాసిచ్చిండు."

"ఆయన రాసిచ్చిండు. మీరు మడతపెట్టి ఫైల్లో పెట్టిండ్రు."

నేను ఫైలు నా వైపు తిప్పుకున్నాను. ఇరవై ఐదు రోజులుగా జైల్లో ఉన్న జయరాజ్ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ మౌనాన్నే నేరం ఒప్పుకున్నట్టు తిప్పి రాశారు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. 'నిందితుడు యజమానురాలి మీద కక్షతో అరవై ఎనిమిది కుండీలలో మందు పోసి మొక్కలను పాడుచేసినాడు. క్రూర స్వభావి.' పేదవాడు ఒకసారి లోపల పడితే చాలు, ఊళ్లో చెడిపోయిన ప్రతిదీ వాడి నెత్తికే చుట్టుకుంటుంది. టీ తాగకుండానే లేచాను.

పదకొండుంబావుకు నర్సరీ గేటు దగ్గర చిన్నక్క కొంగు నడుముకు దోపుకొని నిలబడి ఉంది. యాభై ఐదేళ్ల మనిషి, మాట కటువు, చేతులు ఇంకా కటువు.

"దబ్బున రా బిడ్డా. ఒంటిగంటకు ట్రాక్టరొస్తది," అంది.

"ఎవరి ట్రాక్టరు?"

"రాజన్న సేఠ్‌ది. గా పచ్చగ మిగిలిన కుండీలు ఉత్తగనే తీస్కపోయి పారబోయిస్తడట. పొద్దున మనిషిని పంపిండు. మూడింటికి ముప్కాల్, భీమ్‌గల్ చర్చిలకెల్లి పూలకు బండ్లొస్తున్నయి గదా, గప్పటికల్ల నీ జాగ సాఫయితది అన్నడు."

పక్కవాళ్ల చెత్తను తన ట్రాక్టరు మీద మోయించే సేఠ్‌ను నేనింతవరకు చూడలేదు. వాచీ చూసుకున్నాను. గంటా నలభై ఐదు నిమిషాలు ఉంది.

"ముందు ఆ పచ్చవి చూపించు," అన్నాను.

నీడవల కింద ఆరు వందల కుండీలు. పాయిన్‌సెట్టియా అని చీటీ మీద పేరు. ఇక్కడ అందరూ క్రిస్మస్ పూలు అనే అంటారు. వరుసలన్నీ మోదుగు పూసినంత ఎర్రగా ఉన్నాయి. గిర్ని గోడ దిక్కున మాత్రం ఒక మడి మొత్తం పచ్చగా, ఆకుకూర తోటలా ఉంది. అక్కడ ఒక ఆడమనిషి కూర్చొని తడిగుడ్డతో ఆకులు తుడుస్తోంది. జయరాజ్ భార్య రూత్. చిన్నక్క దగ్గర పగటి పని ఆమెది.

"ఎర్రగ కనబడేది పువ్వు కాదు బిడ్డా, ఆకు," అని చిన్నక్క ఒక కొమ్మ వంచింది. "నడుమ గీ సన్న బొట్లున్నయి చూడు, గవి పువ్వులు. గీ చెట్టుకు నువ్వు ఎరువు ఎంతేసినా, నీళ్లు ఎన్ని పోసినా ఎరుపు రాదు. దీనికి రాత్రి కావాలె. దసరా దాటినంక రాత్రులు పొడుగైతయి. గప్పటి నుంచి పొద్దుమూకితే తెల్లారేదాంక కటిక చీకటుండాలె. నడుమ రోజూ వెలుగు పడ్డదనుకో, ఇంకా ఎండాకాలమే ఉన్నదనుకొని ఉత్త పచ్చాకు పెడ్తది. జర సలి సుత ఉండాలె. రాత్రి ఉక్కగున్నా ఎరుపెక్కనీకె ఆలస్యమైతది."

"మరి ఇవెందుకు పచ్చగున్నయి?"

"నేను గోడ వేడి అనుకున్న. రేకుల గిర్ని, పగలంత కాలుతది, రాత్రి గా వేడే కక్కుతది. పోలీసోళ్లేమో మందు పోసిండన్నరు."

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. గోడకు ఆనుకొని ఉన్న మొదటి రెండు వరుసలు ఎర్రగా ఉన్నాయి. మూడో వరుస నుంచి తొమ్మిదో వరుస దాకా పచ్చ. ఆ పచ్చటి మడి నడుమ జానెడు వెడల్పున ఎర్రటి బాట ఒకటి, గోడకు దూరం పోయినకొద్దీ వెడల్పవుతూ సాగింది. ఆ బాట మొదట్లో సరిగ్గా నీడవల మోసే సిమెంటు కడీ నిలబడి ఉంది. బాట అంచు మీది కుండీలో ఒకే మొక్కకు ఎడమ కొమ్మ ఎర్రగా ఉంది, కుడి కొమ్మ పచ్చగా ఉంది.

"చిన్నక్కా, మందు వేరుకు పోస్తే చెట్టు సగం పాడవుతదా?"

"మొత్తం పోతది."

"గోడ వేడి అయితే ముందు ఏవి చెడాలె?"

ఆమె గోడకు ఆనుకున్న ఎర్రటి వరుసలు చూసి నోరు తెరిచింది. కడీకి జయరాజ్ కట్టిన థర్మామీటరు వేలాడుతోంది. దాని పక్కన సుద్దముక్కతో రోజూ పొద్దున్నే రాసిన అంకెలు. పదిహేడు, పదహారు, పదిహేడు, పదిహేను. రోడ్డు దిక్కు కడీ మీద కూడా అదే చేతిరాత, అవే అంకెలు. వేడి కాదని అతను మాకంటే ముందే తేల్చుకున్నాడు.

"అక్టోబరు ఆఖర్ల ఒకనాడు నాతోని అన్నడు బిడ్డా," అంది చిన్నక్క. "అక్కా, గోడ దిక్కు చెట్లకు రాత్రి దొరుకుతలేదు అన్నడు. ఏందిరా, రాత్రి దొరుకకపోవుడేంది, ఆరింటికి నేను ఇంటికి పొయ్యేటప్పటికే చీకటి అయితది గదా అన్న. ఇగ నోరు మూసుకున్నడు."

"రోజూ వెలుగు పడాలంటివి. రెండు మూడు రోజులు పడితే?"

"చెట్టు పట్టించుకోదు. వారాలకొద్ది పడాలె."

"ఈ పచ్చవి ఇంక ఎరుపెక్కవా?"

ఆమె ఒక కొమ్మ కొస పట్టి చూపించింది. చిట్టచివరి చిన్నాకుల ఈనెలు లేత ఎరుపు తిరుగుతున్నాయి. "మొదలైంది. అంటే గిప్పుడు చీకటి దొరుకుతున్నది."

"ఎన్నాళ్లుగా దొరుకుతున్నట్టు?"

ఆమె నాలుగైదు మొక్కలు తడిమి చూసింది. ముప్పై ఏళ్ల చెయ్యి అది. "మూడు వారాలు దాటింది. నాలుగు నిండలే."

వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టాను. నాలుగు వారాల కిందట నవంబరు ఇరవై నాలుగు. మూడు వారాల కిందట డిసెంబరు ఒకటి. స్వామి చచ్చిపోయిన రాత్రి ఆ నడుమనే ఉంది. అతను పోయాక ఇక్కడ దీపం ఆరింది. ఆ సంగతి అరవై ఎనిమిది మొక్కలు ఇరవై ఐదు రోజులుగా ఈ మడిలో చెబుతూనే ఉన్నాయి. వాటిని లెక్కపెట్టిన పోలీసుల్లో ఒక్కరూ వంగి చూసిన గుర్తు లేదు.

రూత్ దగ్గరికి వెళ్లాను.

"ఇరవై ఆరు రాత్రి జయరాజ్ ఎక్కడున్నడు?"

"ఇంట్లనే ఉండె."

"నువ్వు?"

గుడ్డ ఆగింది. "ఇంట్లనే."

"ఎన్ని గంటలకు పండుకున్నరు?"

"యాదికి లేదు."

"ఈ దిక్కు ఎప్పుడన్న రాత్రి వెలుగు చూసినవా?"

"నాకేం తెల్వదు మేడం," అని ఆమె ఆకు మీదికి వంగింది. తుడిచిన ఆకునే మళ్లీ తుడిచింది. ఆమె అబద్ధమాడుతోందని తెలుస్తూనే ఉంది. మొగుడు జైల్లో మగ్గుతుంటే ఇది ఎవరిని కాపాడుతోందని ఒళ్లు మండింది. కానీ ట్రాక్టరుకు ఇంకా గంటే ఉంది, ఆమెతో కూర్చునే తీరిక లేదు.

"సుతిలి తాడు ఉందా?" అని చిన్నక్కను అడిగాను.

గిర్ని గోడకు పన్నెండడుగుల ఎత్తున ఒక వెంటిలేటరు ఉంది. అద్దం లేదు, ఇనుప చువ్వలే. రోడ్డు వైపు కిటికీలన్నింటికీ గోనెలు బిగించి ఉన్నాయి. చెట్లు మాత్రమే ఉన్న ఈ వైపు ఎవరూ ఏమీ కట్టలేదు. నిచ్చెన వేసి ఎక్కాను. మూడో వరుసలో మొదటి పచ్చకుండీకి ఒక తాడు కట్టించి వెంటిలేటరు కింది అంచును తాకేలా లాగాను. తొమ్మిదో వరుసలో చివరి పచ్చకుండీకి రెండో తాడు కట్టించి పై అంచును తాకేలా లాగాను. రెండింటి కొసలూ చువ్వల నుంచి లోపలికి వదిలాను. వెలుగు వంకర తిరగదు. ఆ రెండు తాళ్లను అలాగే తిన్నగా లాగితే లోపల ఎక్కడ కలుస్తాయో అక్కడ బల్బు ఉండి తీరాలి.

నిచ్చెన దిగేసరికి పన్నెండూ నలభై. ట్రాక్టరు ఇరవై నిమిషాలు ముందే వచ్చింది. దాని వెనక పోలీసు జీపు.

రాజన్న తెల్లబట్టల మనిషి. మెత్తగా మాట్లాడతాడు. "చిన్నక్కా, ఆడమనిషివి పరేషాన్ అయితున్నవని సాయం చేస్తుంటే నా గిర్ని గోడెక్కిపిస్తివి. ఇదేం పద్ధతి?" అన్నాడు.

"కుండీ ఒక్కటి కదిలినా ఊరుకోను," అన్నాను నేను. "ఇవి సాక్ష్యం."

శ్రవణ్‌కుమార్ జీపు దిగుతూనే ఆ మాట విన్నాడు. "సాక్ష్యమా? కోర్టుకు ఆటోల తీస్కపోతరా మేడం? జడ్జిగారి ముందర ప్రమాణం ఎవరు చేస్తరు, కొమ్మనా, ఆకా?"

కానిస్టేబుల్ నవ్వాడు. నేను ఆ నవ్వు ఆగేదాకా ఆగి, సగం ఎర్రబడిన మొక్కను ఎస్సై చేతిలో పెట్టాను. మందు సంగతి, వేడి సంగతి, చీకటి సంగతి ఒక్కొక్కటే చెప్పాను. కడీ నీడ ఎక్కడ పడితే అక్కడ ఎరుపు, వెలుగు ఎక్కడ పడితే అక్కడ పచ్చ. చెబుతున్నంతసేపూ రాజన్న చేతి రుమాలు మడతలు విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"గిర్ని దసరా నుంచి చీకట్ల ఉన్నదని మీకు రాసిచ్చిండు. అదే దసరా నుంచి నవంబరు ఆఖరుదాకా ఈ చెట్ల మీద రాత్రుళ్లు వెలుగు పడ్డది. రెండిట్ల ఒకటి అబద్ధం. చెట్టుకు అబద్ధమాడే అవసరం లేదు సార్. తాళం తీయించండి."

"శవం మీద పసుపు మరక లేదు మేడం," అన్నాడు శ్రవణ్‌కుమార్. ఆ ముక్క దాచిపెట్టుకున్నట్టున్నాడు. "పోస్టుమార్టంల గోళ్లు సుత చూసిండ్రు. పసుపు గిర్నిల పనిచేసేటోని గోళ్లల్ల పసుపు లేదంటే ఏందర్థం? పని మానేసి నెల దాటిందని."

"తీయిస్తరా, లేక సేఠ్‌ను అడిగి చెప్తరా?"

ఆయన మొహం ఎర్రబడింది. "తీయండి సేఠ్. ఈమె ముచ్చట తీరుతది," అన్నాడు.

లోపల ఊడ్చి, కడిగి, పండగ ఇల్లంత శుభ్రంగా ఉంది. అదే నాకు మొదటి అనుమానం. రెండు నెలలుగా మూసిన గిర్నిలో దుమ్ము ఏది? పాలిష్ డ్రమ్ము మీద కొత్త తార్పాలిన్ కప్పారు. చువ్వల నుంచి వేలాడుతున్న తాళ్లు రెండూ పట్టుకొని, బయట చిన్నక్క బిగించి పట్టగా, తిన్నగా లాగాను. పైన సంచులు పెట్టుకునే చెక్క అటక ఉంది. దాని మీదికి ఎక్కి లాగితే, నా తలకు మూరెడు ఎత్తున తాళ్లు కలిశాయి. సరిగ్గా అక్కడే దూలానికి ఒక కొక్కెం ఉంది. కొక్కెం చుట్టూ రెండు అంగుళాల తీగ ముక్క, కొస కొత్తగా తెగి రాగి ఇంకా మెరుస్తోంది. అటక అంచుకు అడ్డంగా ఉండాల్సిన కర్ర సగానికి విరిగి ఉంది. కడిగినవాళ్లకు మెడ ఎత్తి చూసే బుద్ధి పుట్టలేదు.

"మీటరుకు సీలు గదా సేఠ్, కరెంటు ఏడికెల్లి వచ్చింది?" అన్నాను. వెంటిలేటరు పక్కన గోడకు కొట్టిన మేకుల వరుస పట్టుకొని చూపు సాగిస్తే, అవతల పొలంలో బోరు మోటారు స్తంభం కనిపించింది.

"వ్యవసాయం లైను," అంది చిన్నక్క గుమ్మం దగ్గరికి వచ్చి. "గా రెండు నెలలు మాకు పొలాల కరెంటు రాత్రి పదికి వచ్చి రెండుకు పొయ్యేది. పది నుంచి రెండంటే నడిరాత్రే. చెట్టుకు గంతకన్న పాడు టైము లేదు."

"పన్నెండు, మూడు నడుమ అన్నడు మీ డాక్టరు," అన్నాను శ్రవణ్‌కుమార్‌తో. "పన్నెండు, రెండు నడుమ అని దిద్దుకోండి. ఈ విరిగిన కర్ర చూడండి. స్వామి ఇక్కడ పడ్డడు."

గెలిచాననుకున్నాను. నా జన్మలో అంత తొందరపడి ఎప్పుడూ ఆనందపడలేదు.

రాజన్న రుమాలుతో నుదురు తుడుచుకొని నిదానంగా మొదలుపెట్టాడు. "నాకు అనుమానం ఉండనే ఉండె సారూ. ఎనక తలుపు తాళంచెవి స్వామి దగ్గర ఒకటుండె. వాపస్ ఇయ్యమంటే ఇయ్యలే. నాకు తెల్వకుంట రాత్రిపూట తీగ తగిలిచ్చుకొని నా పసుపు కొమ్ములే పాలిష్ పట్టి అమ్ముకున్నడేమో. సచ్చినోని మీద చాడీ ఎందుకని చెప్పలే."

"పచ్చకుండీల మీద ప్రేమ ఎందుకు పుట్టింది మరి?"

"సాయం చేయబోతే గిట్ల మాటలు పడుడే అయితది మేడం."

శ్రవణ్‌కుమార్ కళ్లలో వెలుగొచ్చింది. చిక్కుముడి తనవైపు విప్పుకోవడం ఆయనకు బాగా తెలుసు. "అదీ సంగతి! దొంగ పని ఒక్కనితోని కాదు. పక్కన తొట్టి, గేటు తాళంచెవి, అర్ధరాత్రి. జయరాజ్ దాంట్ల భాగస్తుడు. లొల్లి గందుకే. ఇన్నాళ్లు చంపనీకె కారణం దొరకక అవస్థ పడ్డ. మేడం పుణ్యాన కారణం సుత దొరికింది." జేబులోంచి పెన్ను తీశాడు. "కేసు గిప్పుడు గట్టిగైంది. యావజ్జీవం పక్కా."

నా చెవులు కాదు, మొత్తం మొహం మండిపోయింది. నా తాళ్లు, నా లెక్కలు, నా తెలివి అన్నీ కలిపి జయరాజ్ మెడకు నేనే ఉరి బిగించాను. దీపం వెలిగిందని చెట్లు చెప్పగలవు. ఎన్నాళ్లు వెలిగిందో, ఎప్పుడారిందో చెప్పగలవు. దాని కింద ఎవరున్నారో చెప్పలేవు.

"ఇది అన్యాయం," అన్నాను. "మీరు చేస్తున్నది దర్యాప్తు కాదు. దొరికినోన్ని పట్టుకొని, తర్వాత నేరం వెతుకుతున్నరు."

"అరుస్తే నిజం మారదు మేడం. ట్రాక్టరుకు లోడ్ ఎత్తమనుర్రి."

"ఎత్తొద్దు."

ఆ గొంతు నాది కాదు. చిన్నక్కను పక్కకు జరిపి రూత్ లోపలికి వచ్చింది. తడిగుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

"స్వామన్న దొంగ కాదు సారూ. మా ఆయన భాగస్తుడు కాదు. గా దీపం కింద నేనున్న. రాసుకోండ్రి."

"రూత్, నీకు మతి ఉందా?" రాజన్న గొంతులో మెత్తదనం పోయింది. "నేనేం చెప్పిన నీకు?"

"చెప్పినవు సేఠ్. నోరు తెరిస్తే నీ చేతులే వాని మీదున్నయి, నువ్వే పోతవు అన్నవు. పోతే పోతి." ఆమె ఎస్సై వైపు తిరిగింది. "దసరా రెండోనాటి నుంచి పనికి వచ్చిన సారూ. పది కొట్టి కరెంటు రాంగనే మొదలు. ముగ్గురం ఆడోళ్లం, స్వామన్న. సేఠ్ రోజూ వచ్చి కూసునేది. పురుగులు పట్టిన పాత కొమ్ములు డ్రమ్ముల పోసి రంగు పట్టిచ్చుడు. కొత్త పసుపు లెక్క మెరిసేది. మన పసుపు అంటితే గీ ఊళ్లె ఎవరడుగుతరు? గది పసుపు కాదు, డబ్బాలల్ల వచ్చే రంగు. ఉమ్మితే ఉమ్మి సుత గదే రంగు వచ్చేది."

"జయరాజ్‌కు తెలుసా?" నేనడిగాను.

"తెలుసు. లొల్లి గందుకే మేడం. రూత్‌ను రేపటికెల్లి పిలవకు, అది దగ్గుతున్నది, గా దీపానికి జర గోనె కట్టు, నా చెట్లకు రాత్రి దొరుకుతలేదు అని స్వామన్నను పట్టుకున్నడు. గోనె కడితే పొడికి లోపల ఊపిరాడదన్నడు స్వామన్న. గంతే లొల్లి. తెల్లారి ఇద్దరు కలిసి చాయ తాగిండ్రు. మా ఆయన నోరు తెరిస్తే నన్ను పట్టుకపోతరని గమ్మునుంటున్నడు. నేను తెరిస్తే ఆయనను ఇడిచిపెట్టరని సేఠ్ అన్నడు. ఇడిచిపెట్టింది ఎప్పుడు సారూ?"

శ్రవణ్‌కుమార్ పెన్ను కాగితం మీద ఆనించి ఉంచాడు. "ఆ రాత్రి ఏమైంది?"

"పన్నెండున్నర అయి ఉంటది. స్వామన్న అటక మీదికెల్లి సంచి అందిస్తున్నడు. కర్ర ఇరిగింది. ఎనుకకు పడ్డడు, తల డ్రమ్ముకు తాకింది. మస్తు నెత్తురు పోయింది. కని పానం ఉన్నది. దవాఖానకు తీస్కపోదాం సేఠ్ అన్న. గీ రంగుతోని తీస్కపోతే డాక్టరు అడుగుతడు, ముందుగాల కడగుర్రి అన్నడు."

"అబద్ధం," అన్నాడు రాజన్న. ఒక అడుగు గుమ్మం వైపు వేశాడు. కానిస్టేబుల్, ఎవరూ చెప్పకుండానే, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నర్సరీ దిక్కున్న ఎనక తలుపుకెల్లి తొట్టి కాడికి మోసినం. నేను కాళ్లు పట్టిన. సబ్బు పెట్టి, ఇటుక ముక్క పెట్టి రుద్దినం. గోళ్లల్ల రంగు పుల్లతోని నేనే తీసిన సారూ, పది గోళ్లు. రూతమ్మా, జర మెల్లగ అన్నడు."

నేను తాళ్ల కొసలు వదిలేశాను.

"అప్పటికి బతికే ఉన్నడా?" శ్రవణ్‌కుమార్ గొంతు ఇప్పుడు పూర్తిగా వేరే మనిషిది.

"ఉన్నడు. కడుగుడయినంక సేఠ్ మమ్మల్ని పొమ్మన్నడు. నేను దవాఖానకు తీస్కపోత, మీరు ఇండ్లకు పోండ్రి, ఫికర్ చేయకుండ్రి అన్నడు. పోయినం. గోడ మలుపు కాడ నేనొక్కసారి ఎనుకకు చూసిన."

"ఏం చూసినవ్?"

"సేఠ్ తొట్టి మీద వంగి ఉన్నడు. రెండు చేతులు స్వామన్న తల మీదున్నయి." రూత్ తన చేతుల్లోని తడిగుడ్డను చూసుకుంది. "కడుగుతున్నడనుకున్న సారూ. తెల్లారి శవం దొరికేదాంక, కడుగుతున్నడనే అనుకున్న."